స్టాక్‌హోం హోటళ్ళు: నెల్లూరు నాలుకకు సరిపోయేదెంత?

నెల్లూరు నుంచి పిల్లల దగ్గరికి స్టాక్‌హోం వెళ్ళేవాళ్ళు ముందు మధ్యాహ్న భోజనం చూసుకోవాలి. 'డాగెన్స్ రెట్' అంటే ఆ రోజు వంటకం. పని దినాల్లో పదకొండు నుంచి రెండింటి దాకా ఉంటుంది. సుమారు 130-170 క్రోనాలు (స్వీడన్ డబ్బు). చాలా చోట్ల సలాడ్, బ్రెడ్, కాఫీ అందులోనే. అదే హోటల్లో రాత్రికి ఒక్క ప్లేటే 250 దాటుతుంది, కాబట్టి డబ్బున్నా మధ్యాహ్నమే మేలు. కుళాయి నీళ్ళు అడిగితే ఇస్తారు, బాటిల్ కొనక్కర్లేదు. చాలాచోట్ల నోట్లు తీసుకోరు, కార్డే.

చేపల విషయానికొస్తే, బాల్టిక్ సముద్రపు చిన్న హెర్రింగ్ చేప 'స్ట్రోమింగ్' తినాల్సిందే. ముళ్ళు తీసి, రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి అతికించి, రై అనే ధాన్యం పిండిలో దొర్లించి వెన్నలో వేయిస్తారు. పక్కన ఆలుగడ్డ ముద్ద, పుల్లటి లింగన్ పండ్ల జామ్. వేడిమీదే తినాలి. చల్లారితే పైపొర మెత్తబడి వెన్న వాసన ముందుకొస్తుంది. మామిడికాయ వేసిన మన పులుసు మర్నాటికి రుచెక్కినట్టు ఇది ఎక్కదు. 'గ్రావడ్ లాక్స్' మాత్రం పొయ్యి ఎక్కని సాల్మన్ చేప. ఉప్పు, చక్కెర, సోయాకూర (డిల్ ఆకు)లో ఊరబెట్టిందే. తెలియక ఆర్డరిస్తే ముద్ద దిగదు.

మీట్‌బాల్స్‌లో సాధారణంగా గొడ్డుమాంసం, పందిమాంసం కలుస్తాయి. వద్దనుకుంటే 'షిక్లింగ్' అనండి, కోడి అని అర్థం. కారం ఊసే ఉండదు. గొడ్డుకారం పొట్లం సంచిలో ఉంచుకోండి. జూలైలో చాలా హోటళ్ళు వారాల తరబడి సెలవు, ముందే ఫోన్ చేయండి.