చలికాలపు మిద్దెతోట: గోబీపువ్వు మేలా, ఆకుకూరలు మేలా?

కార్తీకమాసం వచ్చేసరికి మిద్దెమీద బీర, సొర తీగలు ఎండుముఖం పట్టి, కుండీలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి. హైదరాబాదు వంటి ఊళ్లో ఆ ఖాళీని క్యాబేజీ, కాలీఫ్లవర్లకు ఇవ్వాలా, పాలకూర, మెంతి, కొత్తిమీరలకు ఇవ్వాలా అన్నది ఏటా ఎదురయ్యే ప్రశ్న. చోటు పరిమితంగా ఉన్నవారికి ఆకుకూరలే మేలని నా అభిప్రాయం. అయితే గోబీపువ్వును పూర్తిగా తోసిపుచ్చలేము.

ముందుగా చోటు, కాలం చూద్దాం. కాలీఫ్లవర్ మొక్క ఆకులు విప్పుకొని అడుగున్నర చోటు ఆక్రమిస్తుంది కనుక రెండడుగుల చదరపు మడిలో రెండు మొక్కలకు మించి పెట్టడం వృథా. నారు పెరగడానికి నాలుగు వారాలు, నాటిన తరువాత రకాన్ని బట్టి రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. ఇంత చేస్తే మొక్కకు ఒక్క పువ్వు వస్తుంది. అదే మడిలో మెంతులు చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలిచి, నెల తిరక్కుండానే కూరకు అందుతాయి. పాలకూరను నేలకు రెండంగుళాల ఎత్తున కోసుకుంటూ పోతే పదిహేను ఇరవై రోజులకొకసారి మళ్లీ చిగురిస్తుంది. కొత్తిమీర ఒక్కటే కాస్త ఓపిక పట్టమంటుంది: ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లినా మొలకకు వారం పది రోజులు తీసుకుంటుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోని విషయం ఎండ. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాదుకు దక్షిణంగా, ఆకాశంలో సగం ఎత్తున మాత్రమే ఉంటాడు. అందువల్ల దక్షిణపు పిట్టగోడ మూడడుగులుంటే దాని నీడ నడిపొద్దున కూడా దాదాపు రెండున్నర అడుగులు లోపలికి పడుతుంది. వేసవిలో మాడిపోయిన ఆ వరుసే ఇప్పుడు నీడపట్టు అవుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ కోరే క్యాబేజీ అక్కడ గడ్డ కట్టక ఆకులతోనే నిలిచిపోతుంది, పాలకూర మాత్రం నాలుగు గంటల ఎండతో సర్దుకుంటుంది.

పురుగుల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్లను డైమండు రెక్కల పురుగు వదలదు. ఆకు తిప్పి చూస్తే సన్నని పచ్చటి పురుగు కనబడుతుంది, ముట్టుకుంటే దారం వదిలి వేలాడుతుంది. నడిమి ఆకుల్లో పేనుబంక చేరితే గడ్డలోపలికి మందు అందదు కనుక, వారానికొకసారి లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి ముందునుంచే చల్లుతూ ఉండాలి. పక్కన రెండు కుండీల్లో ఆవాలు చల్లితే ఈ పురుగులు కొంతవరకు అటు మళ్లుతాయి. ఇంత చాకిరీ ఎందుకంటారా? బజారులో దొరికే గోబీపువ్వు మీద ఎన్నిసార్లు మందు కొట్టారో మనకు తెలియదు. పువ్వు కోడిగుడ్డంత కాగానే దాని ఆకులనే పైకి మడిచి దారంతో కట్టి, ఎండకు పసుపెక్కకుండా కాపాడుకున్న తెల్లటి పువ్వును ఇంట్లో కోసుకోవడంలో ఉన్న తృప్తి కూడా తక్కువదేమీ కాదు.

ఊరిని బట్టి కూడా తీర్పు మారుతుంది. చలి గట్టిగా పట్టే ఆదిలాబాదు వైపు కాలీఫ్లవర్‌కు ధైర్యంగా చోటివ్వవచ్చు. రాత్రిళ్లు అంతగా చల్లబడని కోస్తా పట్టణాల్లో మాత్రం వేడిని తట్టుకొనే తొందర రకాలు దొరికితేనే పెట్టాలి, లేకుంటే పువ్వు గట్టిపడక విడివిడిగా విచ్చుకుంటుంది.

ఆకుకూరలన్నీ చలికి ఒకేలా స్పందించవన్నది కూడా గుర్తుంచుకోవాలి. గోంగూరకు పగటి నిడివి తగ్గితే పూతకు వచ్చే స్వభావం ఉంది కాబట్టి ఇప్పుడు చల్లితే జానెడు ఎత్తుకే మొగ్గ తొడిగి, ఆకు పలచగా ఇస్తుంది. తోటకూర ఎదుగుదలా మందగిస్తుంది. వర్షాకాలంలో నాటిన పందిరి చిక్కుడుకు మాత్రం సరిగ్గా ఇదే పూత కాలం. ఆ తీగను పీకి కాలీఫ్లవర్‌కు చోటు చేయడం కంటే తెలివితక్కువ పని లేదు.

పది కుండీలున్న ఇంటికి నా లెక్క ఇది: రెండింటిని ఎండ బాగా తగిలే ఉత్తరపు అంచున పెట్టి, నర్సరీలో తెచ్చిన కాలీఫ్లవర్ నారు ఒక్కొక్కటి నాటాలి. మిగిలిన ఎనిమిదింటిలో మెంతి, పాలకూర, కొత్తిమీరలను ఒకేసారి కాక పది రోజుల ఎడంతో విడతలుగా చల్లాలి. నీళ్లు సాయంత్రం పోస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగులు పడుతుంది కనుక పొద్దున్నే, మట్టి పైపొర ఆరిందని వేలితో చూసుకొని పోయాలి.