పెద్దపేగు క్యాన్సర్ రోగుల తెలుగు ప్రశ్నావళి: మర్రిగూడ నుంచి ఒక సమీక్ష

పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగి, పొట్ట మీద మలం చేరే సంచితో బతుకుతున్న మా నాయనను, రోగుల జీవన నాణ్యతను కొలిచే ఒక తెలుగు ప్రశ్నావళిని పరీక్షించడానికి హైదరాబాదులోని ఒక ఆసుపత్రి పరిశోధకులు పిలిచారు. దీని మూలం యూరప్‌కు చెందిన ఈఓఆర్‌టీసీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థది. అన్ని క్యాన్సర్లకూ వర్తించే 30 ప్రశ్నల పత్రం 1993లో వెలువడగా, పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ల కోసం దానికి జోడించే 29 ప్రశ్నల పత్రం 2009లో ధ్రువీకరణ పొందింది. మూలం మీద నాకు ఫిర్యాదు లేదు. నేను ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నది మా ముందు చదివిన తెలుగు ముసాయిదాకు.

మొదటి ప్రశ్నలోనే చిక్కు వచ్చింది. బరువైన సంచి మోయడం వంటి శ్రమగల పనులు చేయడానికి ఇబ్బందిగా ఉందా అని ప్రశ్నలు చదివి వినిపిస్తున్న పరిశోధక బృందం అమ్మాయి అడిగితే, మా నాయన చొక్కా మీద చేయి వేసుకుని, "సంచి బరువేం లేదు బిడ్డా, నిండకముందే తీసేస్త" అన్నాడు. ఆమె "అస్సలు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టబోయింది. నీళ్ల బిందె ఎత్తలేని మనిషికి ఆ జవాబు ఎంత తప్పో నాకు తెలుసు కాబట్టి ఆపాను. ఇద్దరు విడివిడిగా తెలుగు చేసి, మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మార్చి చూసే పద్ధతి మంచిదే గాని, ఈ పొరపాటు అందులో దొరకదు, ఎందుకంటే "బరువైన సంచి" తిరిగి ఇంగ్లిషులోకి సరిగ్గానే వెళ్తుంది. సంచి కట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి "నీకు ఏమర్థమైంది" అని అడిగితేనే అది బయటపడుతుంది.

నొప్పి ప్రశ్నల విషయం ఇంకా లోతైనది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా మర్రిగూడ (నల్లగొండ జిల్లా) ప్రాంతపు పెద్దలకు కీళ్లు, నడుము క్యాన్సర్ రాకముందు నుంచే పట్టుకుపోయి ఉంటాయి. గత వారం నొప్పి ఉందా, కొద్ది దూరం నడవడం కష్టమా అంటే వాళ్లు చెప్పేది ఆ బాధ కూడా. అందువల్ల సంచి ఉన్నవారి మార్కులను లేనివారి మార్కులతో పోల్చేటప్పుడు ఫ్లోరోసిస్ (ఆ నీళ్ల వల్ల వచ్చే ఎముకల జబ్బు) ఉన్నదీ లేనిదీ వేరుగా రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతున్నాయో చెప్పే ఆల్ఫా విలువ, చాలునని సాధారణంగా అనుకునే 0.70 దాటినా ఈ కలగాపులగం విడిపోదు.

"ఎక్కువగా", "చాలా ఎక్కువగా" అన్న జవాబుల మధ్య తేడా ఆయనకు చివరిదాకా తెలియలేదు. "మల విసర్జన" బదులు "దొడ్డికి పోవడం" అని రాస్తే మా వైపు ఎవరూ తడుముకోరు. దాంపత్యం గురించిన ప్రశ్నలను మా అమ్మ, నేను పక్కనుండగా చదవడం మాత్రం సరికాదు. ఆయన తల దించుకుని అన్నింటికీ "లేదు" అనేశాడు. మూలంలో రోగి స్వయంగా నింపవలసిన పత్రాన్ని చదవనురాని వారికి చదివి వినిపించేటప్పుడు, ఆ భాగానికి ఒక మగ సహాయకుడు, తలుపు వేసిన గది ఉండాలి.

మూడు నక్షత్రాలూ నేను ఇచ్చింది సంచి గురించిన ప్రశ్నలకే. సంచి చుట్టూ చర్మం పుండు పడిందా అని అంతకుముందు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడిగాక చొక్కా పైకెత్తి చూపించాడు. ఆ అమ్మాయి పిలిచిన నర్సు, అతికించే పట్టీకి రంధ్రం పెద్దగా కత్తిరించడం వల్లే మలం చర్మానికి తగులుతోందని చెప్పి, కొలత తీసి కత్తిరించడం మా అమ్మకు నేర్పింది.