ఆఫ్ సీజన్ యూరప్ రైల్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

నవంబర్‌లో యూరప్‌ని రైల్లో చుట్టి రావాలనుకునేవాళ్లు, ముఖ్యంగా గ్లోబల్ పాస్‌తో (యూరప్‌లో చాలా దేశాల రైళ్లలో చెల్లే ఒకే పాస్) కలిపి ప్యాకేజీ అమ్మే ఏజెన్సీలతో మాట్లాడుతున్నవాళ్లు జాగ్రత్తగా ఉండండి. మాకు అలాంటి ప్యాకేజీ అమ్మిన ఏజెన్సీ చెప్పిన మాటలకూ అక్కడ రైళ్లు నడిచే పద్ధతికీ పొంతనే లేదు.

"ఆఫ్ సీజన్ కదండీ, రైళ్లన్నీ ఖాళీ. గ్లోబల్ పాస్ చేతిలో ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చు." ఇదీ వాళ్లు ఫోన్‌లో ఇచ్చిన హామీ. మా రూటు పారిస్, జ్యూరిక్, మిలన్, వెనిస్, వియన్నా, ప్రాగ్. వాళ్లు రాసిచ్చిన రైళ్లలో పాస్ చూపించి నేరుగా ఎక్కగలిగేది వియన్నా నుంచి ప్రాగ్ వెళ్లేదొక్కటే. పారిస్–జ్యూరిక్ టీజీవీకి (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు), జ్యూరిక్–మిలన్ యూరోసిటీకి (దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్), మిలన్–వెనిస్ ఫ్రెచ్చారోస్సాకి (ఇటలీ హైస్పీడ్ రైలు), వెనిస్ నుంచి వియన్నా వెళ్లే రాత్రి రైలుకి పాస్ ఉన్నా విడిగా రిజర్వేషన్ చేయించుకోవాలి, దానికి విడిగా డబ్బు కట్టాలి. ఈ సంగతి ప్యాకేజీ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్ల విషయం ఇంకా ఘోరం. పాస్ ఉన్నవాళ్లకి వాటిలో కొన్ని సీట్లే కేటాయిస్తారు. ఆ కోటా అయిపోతే బోగీలో సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా మనకి ఇవ్వరు. పారిస్‌లో గార్ ద లియాన్ స్టేషన్ కౌంటర్ దగ్గర మాకు అదే జరిగింది. చేతిలో పాస్ పెట్టుకుని మళ్లీ పూర్తి ధర టికెట్లు కొనాల్సి వచ్చింది. అదీ ప్రయాణం దగ్గరపడ్డాక ఉండే ధరకి. సామాన్లతో, పెద్దవాళ్లతో ఆ కౌంటర్ ముందు పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

అసలు ఆఫ్ సీజన్ అన్న మాట వాడి పాస్ అమ్మడమే నాకు అన్యాయంగా అనిపిస్తోంది. గ్లోబల్ పాస్‌లో, నెలలో 5 రోజులు తిరిగేదాని ధరని ఆ 5 రోజులకి పంచి చూడండి. రిజర్వేషన్ ఖర్చు కలపకుండానే ప్రయాణించే రోజుకి పడే ధర అది. రద్దీ లేని నెలల్లో ముందుగా కొంటే ఈ రూటులో చాలా టికెట్లు అంతకంటే బాగా తక్కువకి దొరుకుతాయి, ఎందుకంటే చవక టికెట్ల కోటా అంత తొందరగా అయిపోదు. పాస్ అవసరం అతి తక్కువగా ఉండే కాలం అది. అదే కాలంలో అదే పాస్‌ని బంపర్ ఆఫర్‌లా మనకి అంటగడుతున్నారు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీల్లో ఎక్కువ రోజులు ఉండి, ఏ రోజు ఎక్కడికన్నది అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్లకి పాస్ నిజంగా మంచిదే. అక్కడ చాలా రైళ్లకి రిజర్వేషన్ అక్కర్లేదు. మా రూటుకి మాత్రం కాదు.

ఇక గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, అంటే స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ కొండల మధ్య నడిచే పర్యాటక రైలు. మా ఇటినరరీలో పెద్ద అక్షరాలతో పెట్టిన ఆకర్షణ అదే. ఆ రైలు ఏటా అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ తొలివారాల వరకు నడవదు. ఈ మాట ఆ రైలు టైంటేబుల్లోనే ఉంటుంది. నవంబర్ ప్రయాణానికి దాన్ని చూపించి డబ్బు తీసుకున్న ఏజెన్సీ, మేం అడిగితే "వాతావరణం వల్ల రద్దయింది" అంది. పచ్చి అబద్ధం. ఆల్ప్స్ కొండలు చూడాలనుకునేవాళ్లకి ఒక మాట: అక్కడి ఇంకో పర్యాటక రైలు బెర్నీనా ఎక్స్‌ప్రెస్ వెళ్లే పట్టాల మీదే మామూలు లోకల్ రైళ్లు కూడా తిరుగుతాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, కిటికీలోంచి కనిపించేవి అవే కొండలు. రోప్‌వేలు మాత్రం నవంబర్‌లో మరమ్మతుల కోసం చాలాచోట్ల మూసేస్తారు కాబట్టి ఒక్కోటి చూసుకుని వెళ్లండి.

డిసెంబర్‌లో వెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. యూరప్ రైల్వేల కొత్త టైంటేబుల్ ఏటా ఆ నెల రెండో శనివారం తర్వాత వచ్చే ఆదివారం మొదలవుతుంది. ఆ తర్వాతి తేదీల బుకింగ్ కొన్ని రూట్లలో ఆలస్యంగా తెరుస్తారు. ఏజెన్సీ మీకు అంతకు ముందే "కన్ఫర్మ్" అని చెబితే టికెట్ చూపించమనండి.

టికెట్లు మీరే కొనుక్కుంటే రెండు విషయాలు చూసుకోండి. బాగా చవక టికెట్లు సాధారణంగా ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, చాలావాటికి రీఫండ్ ఉండదు. మధ్యలో రైలు మారాల్సి వస్తే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. విడివిడిగా కొంటే మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం మనదే అయ్యే ప్రమాదం ఉంది. గంట దాటి ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఉంది. రైలు సంస్థ చేతిలో లేని కొన్ని అసాధారణ పరిస్థితులకి మాత్రం మినహాయింపు ఉంటుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది రీఫండ్ విషయం. రిజర్వేషన్ల సంగతి బయలుదేరడానికి కొన్నాళ్ల ముందే బయటపడింది. పాస్ రద్దు చేయమని అడిగాం. "మీ సౌకర్యం కోసం మేమే యాక్టివేట్ చేసేశాం, ఇక డబ్బు రాదు" అన్నారు. యాక్టివేట్ చేయడమంటే పాస్‌ని దాని ఫోన్ యాప్‌లోకి ఎక్కించి ప్రారంభ తేదీ పెట్టడం. పాస్ నంబరు, ఇంటిపేరు ఉంటే దాన్ని ఎవరైనా యాప్‌లోకి ఎక్కించగలరు, వాళ్లు ఆ పనే చేశారు. దాచిపెట్టిన నిజం ఏమిటంటే, యాక్టివేట్ చేసిన మొబైల్ పాస్‌ని కూడా ప్రారంభ తేదీకి ముందురోజు రాత్రి 11:59 వరకు, మధ్య యూరప్ సమయం ప్రకారం, డీయాక్టివేట్ చేయొచ్చు. మాకు ఆ గడువు దాటేదాకా చెప్పలేదు. ఇప్పుడు తర్వాతి ప్యాకేజీలో తగ్గిస్తామని క్రెడిట్ నోట్ ఇస్తామంటున్నారు. మేం ఒప్పుకోలేదు, కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాం.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొని ఇంకా బయలుదేరనివాళ్లు ఉంటే, పాస్ నంబరు అడిగి తీసుకుని మీ ఫోన్‌లోని యాప్‌లోకి ఈరోజే ఎక్కించుకోండి. అది యాక్టివేట్ అయి ఉందా, ప్రారంభ తేదీ ఎప్పుడు, అన్నవి చూడండి. ఏ రైలుకి రిజర్వేషన్ చేశారో, సీటు నంబరుతో సహా రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇవ్వకపోతే ఆ గడువులోపే పాస్ డీయాక్టివేట్ చేసి రీఫండ్ అడగండి.