పెళ్లి వీడియో హార్డ్ డిస్క్‌లోకి ఎక్కనంటోందా? ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లలో ఏది మేలు?

మా చెల్లెలి పెళ్లి వీడియో 11 జీబీ, అంతా ఒకటే ఫైలు. ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో దాచుదామని కాపీ కొడితే, ఈ ఫైల్ సిస్టమ్‌కి ఇంత పెద్ద ఫైలు పట్టదని విండోస్ మొదట్లోనే ఆపేసింది. డిస్క్‌లో చూస్తే 300 జీబీ ఖాళీగా ఉంది. చోటు చాలట్లేదేమో, పాత ఫొటోలు కొన్ని తీసేద్దామని నాన్న మౌస్ పట్టుకున్నారు. చప్పున ఆపాను. చాలా ఇళ్లలో ఫొటోలు ఇలాగే పోతాయి, అందుకే ఇది రాస్తున్నాను.

కాపీ ఆగిపోతే ముందు ఎక్కడ ఆగిందో చూడండి. చిన్న ఫైళ్లన్నీ ఎక్కి, పెద్దది మాత్రం మొదలవకుండానే ఆగితే తప్పు ఫార్మాట్‌ది, అంటే డిస్క్ తనలోని ఫైళ్ల లెక్క రాసుకునే పద్ధతిది. ఫైల్ సిస్టమ్ అన్నా ఇదే. సగంలో ఆగి డ్రైవే మాయమైతే కేబుల్‌నో, పోర్టునో అనుమానించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. విడిగా అడాప్టర్ లేని డిస్క్‌ని హబ్‌కి, అంటే ఒక పోర్టును నాలుగైదుగా పంచే డబ్బాకి, తగిలిస్తే ఆ కరెంటు చాలకపోవచ్చు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టుకి పెట్టండి, పొట్టి కేబుల్ వాడి చూడండి. అలా కాకుండా ఐ/ఓ డివైస్ ఎర్రర్ (డిస్క్ చదవడంలోనో, రాయడంలోనో తప్పు) అని పదేపదే వస్తున్నా, డిస్క్ టక్ టక్‌మంటున్నా ఇక రిపేర్ల జోలికి పోకండి. అందులో ఉన్నవాటిలో ముఖ్యమైనవి ముందు బయటికి తీసుకోండి.

మా డిస్క్‌ది ఫార్మాట్ తప్పే. ఒకప్పుడు టీవీకి పెట్టుకోవడానికని ఫ్యాట్32లో ఉంచాం. ఇది 1996 నాటి విండోస్ 95 వెర్షన్‌తో వచ్చింది. ఫైలు సైజు రాసుకోవడానికి ఇందులో 32 బిట్ల గడి ఒక్కటే ఉంటుంది. ఆ గడిలో పట్టే అతి పెద్ద అంకె 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. డిస్క్‌లో ఎన్ని వందల జీబీలు ఖాళీగా ఉన్నా అంతకు మించిన ఫైలు ఒక్కటీ ఎక్కదు. పాటలకు, పాత టీవీలకు, కారు స్టీరియోకు సరే. వీడియోలు దాచుకునే డిస్క్‌కి మాత్రం ఫ్యాట్32 వద్దే వద్దు.

ఎక్స్‌ఫ్యాట్‌ని మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. మామూలుగా మనం తీసే ఏ వీడియోకైనా సైజు గొడవ ఉండదు. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ చదవడం, రాయడం రెండూ జరుగుతాయి. 32 జీబీ దాటిన కెమెరా కార్డులు, అంటే ఎస్‌డీఎక్స్‌సీ రకం, ఈ ఫార్మాట్‌లోనే వస్తాయి. మీ వీడియో ఎడిటర్ దగ్గర మ్యాక్ ఉండి, మీ ఇంట్లో విండోస్ ఉంటే దీన్ని మించింది లేదు. లోటల్లా ఒకటే. దీనికి జర్నల్ లేదు.

జర్నల్ అంటే మన షావుకార్ల చిట్టా లాంటిది. ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత ఆవర్జాలోకి ఎక్కిస్తారు. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ ఏర్పాటు ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఫార్మాట్ ఇది. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ని కాపీ మధ్యలో లాగేస్తే ఫోల్డర్ల లెక్కే తారుమారయ్యే ప్రమాదం ఎక్కువ. ఒకసారి మా ఇంట్లో వైరు కాలికి తగిలి ఊడింది. మళ్లీ పెడితే ఫోల్డర్ పేరు కనబడింది, లోపల ఒక్క ఫొటో లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ కాపాడేది ఫోల్డర్ల లెక్కని మాత్రమే. సగం కాపీ అయిన వీడియో సగంగానే ఉంటుంది, దాన్ని మళ్లీ కాపీ చేయాల్సిందే. పైగా మ్యాక్ ఈ డిస్క్‌ని చదువుతుందే గానీ, వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా అందులో రాయలేదు.

నన్నడిగితే, ఇంట్లో ఉన్నవన్నీ విండోస్ కంప్యూటర్లే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవాళ్లయితే రెండో ఆలోచనే వద్దు. డిస్క్ మ్యాక్‌కీ తిరుగుతుందంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. తీసేముందు ప్రతిసారీ సేఫ్‌గా ఎజెక్ట్ చేయండి, అందులోని వాటికి ఇంకోచోట కాపీ తప్పకుండా ఉంచండి.

ఫార్మాట్ మార్చాలంటే డిస్క్ మొత్తం చెరిపేయాలని భయపడతారు. ఎక్స్‌ఫ్యాట్‌కి మారాలంటే నిజమే. ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మాత్రం విండోస్‌లో కన్వర్ట్ అనే కమాండ్ ఉంది, ఉన్న ఫైళ్లను అలాగే ఉంచి మారుస్తుంది. వెనక్కి మార్చడానికి మాత్రం అది పనికిరాదు. మేమూ దాన్నే వాడాం, ముందు జాగ్రత్తగా ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాకే. తర్వాత వీడియో ఆగకుండా ఎక్కింది. రెండు ఫైళ్ల ప్రాపర్టీస్ తెరిచి బైట్ల లెక్క చివరి అంకె దాకా సరిచూశాను. అప్పగింతల దగ్గర ఒకసారి, చివర్లో ఒకసారి ప్లే చేసి చూశాకే స్టూడియో వాళ్ల పెన్‌డ్రైవ్ తిరిగిచ్చేశాం.