మాఘస్నానానికి భీమిలి, పిల్లల కోసం విశాఖ

శ్రీకాకుళం వాళ్ళకు సముద్రం కొత్త కాదు. ఏటా మాఘమాసంలో అమ్మను కళింగపట్నం తీసుకువెళ్ళి స్నానం చేయించడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి మా చెల్లెలి పిల్లలిద్దరూ జలాంతర్గామిని చూడవలసిందేనని పట్టుబట్టడంతో, స్నానం కూడా విశాఖ తీరంలోనే జరిగేటట్లు మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. అందుచేత నేను ప్రతి తీరాన్నీ ముఖ్యంగా ఒక్క దృష్టితోనే చూశాను: ఆమె ఇక్కడ నిర్భయంగా మూడు మునకలు వేసి, మర్యాదగా పొడిబట్టలు కట్టుకోగలదా?

మన వైపు నుంచి వెళ్ళేవారు సాధారణంగా నేరుగా విశాఖలోని ద్వారకా బస్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి వెనక్కి భీమిలి వస్తారు. అది అనవసరమైన శ్రమ. జాతీయ రహదారి మీద తగరపువలసలో దిగితే భీమిలి అక్కడికి దగ్గరే. నాన్‌స్టాప్ బస్సు అక్కడ ఆగదు కనుక మేము తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తగరపువలసలో ఆటో మాట్లాడుకున్నాం. ఎండ ముదరకముందే భీమిలి ఒడ్డున ఉన్నాం.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. చూడటానికి నిశ్చలంగా కనిపించే ఆ సంగమం దగ్గరే స్నానం చేయిద్దామని నేను అనుకుంటుండగా, చేపల గంప దించుకుంటున్న ఒక పెద్దావిడ అమ్మను చూసి, “మొగ దగ్గర దిగొద్దమ్మా, అక్కడ నీరు లాగేస్తాది, ఇటు రండి” అని పడవలు లాగి ఉంచిన చోటుకు తానే వెంటబెట్టుకుని వెళ్ళింది. ఏటి నీరూ వెనక్కి తగ్గే సముద్రపు పాటూ ఒకే దిక్కుకు లాగే సమయంలో మొగ దగ్గర ఈత వచ్చినవాడు కూడా నిలదొక్కుకోలేడు. ఆమె చూపిన చోట ఆ ఉదయం అలలు చిన్నవిగా ఉన్నాయి. నేనూ నా భార్యా చెరొక చేయీ పట్టుకోగా అమ్మ మూడు మునకలు వేసి, సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చింది. బట్టలు మార్చుకోవడానికి మాత్రం అనువైన చోటు కనిపించలేదు. ఆ పెద్దావిడే తన ఇంటి తలుపు తీసింది. మాఘమాసంలో ఇంతమంది ఆడవాళ్ళు స్నానానికి వచ్చే తీరంలో నాలుగు గోడల గది ఒకటి అందుబాటులో ఉండకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఆ పగలు డచ్చివారి సమాధులు, దీపస్తంభం చూశాం. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. పాత వీధుల్లో ఆ పెద్దరికం ఇంకా కనిపిస్తుంది. సాయంత్రం పిల్లలను ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్ళాను. రాత్రి బస చేసిన చిన్న వసతిగృహంలో ఆర్భాటం ఏమీ లేదు. ఉతికిన దుప్పట్లు, అడగగానే వేడినీళ్ళు, కింది అంతస్తులో గది ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారికి అంతకు మించిన సౌకర్యం ఏముంటుంది?

మరునాడు 900కె బస్సులో తీరం వెంబడి దక్షిణానికి బయలుదేరాం. ఒక పక్క కొండలు, మరొక పక్క సముద్రం ఉన్న ఆ దారి కోసమైనా ఈ బస్సు ఎక్కవచ్చు. కిటికీ సీటు ఎడమవైపు దొరికేలా చూసుకోవాలి. దారిలోని రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025లో నిర్వహణ లోపాల వల్ల అది తాత్కాలికంగా పోయి, మళ్ళీ దక్కింది. మేము వెళ్ళిన రోజున ఇసుక శుభ్రంగా ఉంది, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, ఈలలు ఊదుతూ హద్దు దాటినవారిని వెనక్కి పిలిచే రక్షకులు ఉన్నారు. భీమిలిలో లేనిది ఇక్కడ దొరికింది. అయితే అలలు బలమైనవి, జనం ఎక్కువ. పిల్లలు కేరింతలు కొట్టారు కానీ అమ్మ పాదాలు తడుపుకుని వచ్చేసింది.

విశాఖ నగరంలోని ఆర్.కె. (రామకృష్ణ) బీచ్ స్నానానికి తగినది కాదని నా నిశ్చితాభిప్రాయం. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడి సముద్రం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకువస్తుంది. పోర్టు బయటి రేవు (ఔటర్ హార్బర్) అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపివేయడంతో ఈ ఒడ్డు కోతకు గురవుతోంది. తవ్వి తీసిన ఇసుకను మళ్ళీ ఇక్కడ పోయడం పోర్టు వారికి ఎన్నో ఏళ్ళుగా తప్పని పని అయింది. ఒడ్డు నిటారుగా ఉన్నచోట వెనక్కి వెళ్ళే అల కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. ఆ సంగతి తెలియక మోకాలి లోతులో నిలబడి ఫోటోలు తీసుకుంటున్న కుర్రవాళ్ళను చూస్తుంటే గుండె ఆగినంత పనైంది. సాయంత్రం కూర్చుని మురీ మిక్చర్ తింటూ గాలి పీల్చుకోవడానికి మాత్రం ఇంతకు మించిన చోటు లేదు.

పిల్లలు ఎదురుచూసిన ఐఎన్ఎస్ కుర్సురా ఇక్కడే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఈ 91 మీటర్ల జలాంతర్గామిలో ఒక అర నుంచి మరొక అరలోకి వెళ్ళాలంటే గుండ్రని ఇరుకు ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. పెద్దవాళ్ళకు అది కష్టం కనుక అమ్మ బయటే కూర్చుంది. లోపల వివరించినాయన ప్రతి గొట్టం, ప్రతి మంచం గురించీ ఓపికగా చెప్పాడు. సోమవారం సెలవు, సరిచూసుకుని వెళ్ళండి.

ఆ రాత్రి బసే ఈ యాత్రలో పెద్ద అసంతృప్తి. సముద్రం కనిపించే గది అని ఫోనులో చెప్పి, భీమిలి గదికి రెండింతలకు పైగా ముందే వసూలు చేసిన ఆ హోటల్లో మాకిచ్చిన గది కిటికీ పక్క భవనం గోడకు తెరుచుకుంది. లిఫ్ట్ పనిచేయడం లేదన్న సంగతి డబ్బు కట్టాక గానీ చెప్పలేదు. అమ్మ మూడంతస్తులూ గోడ పట్టుకుని ఎక్కింది. గది ఫోటోలు, లిఫ్ట్, వేడినీళ్ళ వేళలు రాతపూర్వకంగా తెప్పించుకోకుండా డబ్బు పంపవద్దని తోటి ప్రయాణికులను కోరుతున్నాను.

మూడవ రోజు యారాడ. మల్కాపురం, సింధియా మీదుగా కొండ ఎక్కి దిగితే మూడువైపులా కొండల మధ్య పసుపుపచ్చని ఇసుక, ఎదురుగా నీలి సముద్రం కనిపిస్తాయి. అందంలో దీనికి సాటి వచ్చేది నేను చూసిన వాటిలో లేదు, కానీ నీటిలోకి దిగడం ప్రమాదం. ఆటో రానూపోనూ మాట్లాడుకుని ఆపుకోకపోతే తిరుగు ప్రయాణం కష్టం. కొబ్బరిచెట్ల నీడలో అమ్మ చాలాసేపు మాటలేకుండా కూర్చుంది.

తిరుగు బస్సు ఎక్కాక ఆమె అడిగింది ఒక్కటే: “ఆ భీమిలి గదాయన నంబరు దాచావా నాయనా?” దాచాను. వచ్చే మాఘానికి కింది అంతస్తు గదే కావాలని అప్పుడే ఫోను చేసి చెప్పాను.