విశాఖలో వెబ్‌సైట్ చేయించుకోబోయే చిన్న వ్యాపారులకు జాగ్రత్త: అడ్వాన్స్ ఇచ్చే ముందు ఏది ఎవరి పేరున ఉంటుందో తేల్చుకోండి

స్వగృహ ఫుడ్స్, బట్టల దుకాణం, ట్యూషన్ సెంటర్, హోమ్‌స్టే వంటి చిన్న వ్యాపారాలు నడుపుతూ, వెబ్‌సైట్ కోసం నగరంలోని సంస్థలను కొటేషన్ అడుగుతున్న వారందరికీ ఈ హెచ్చరిక. విశాఖపట్నంలోని ఒక వెబ్‌సైట్ తయారీ సంస్థకు మేము నలభై వేల రూపాయలకు పైగా చెల్లించాం. ఈ రోజు మా దుకాణం పేరుతో ఉన్న వెబ్ చిరునామా మా అధీనంలో లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే వారి కొటేషన్‌లో ఉన్న పంక్తులే అటూ ఇటూగా ఇతర సంస్థల కొటేషన్లలోనూ ఉంటున్నాయి కాబట్టి, ఒక్కో పంక్తికి అసలు అర్థమేమిటో, మా విషయంలో ఏం జరిగిందో వివరంగా చెబుతున్నాను.

మాది ఎంవీపీ కాలనీలో పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే దుకాణం. హైదరాబాద్, బెంగళూరులలో స్థిరపడిన విశాఖ కుటుంబాలు ఫోన్ చేసి ఆవకాయ, కందిపొడి, మాడుగుల హల్వా పార్సిల్ పంపమని అడుగుతుంటే, ఆ ఆర్డర్లన్నీ ఒక పద్ధతిలో వస్తాయని వెబ్‌సైట్ చేయించాం. కొటేషన్ ఒకే పేజీ. అందులో ‘డొమైన్, హోస్టింగ్ – లైఫ్‌టైమ్ సపోర్ట్’, ‘ఎస్ఎస్ఎల్ సెక్యూరిటీ – రూ.6,500’, ‘వాట్సాప్ ఇంటిగ్రేషన్ – రూ.3,000’, ‘పేమెంట్ గేట్‌వే’, ‘ఎస్ఈఓ – 200 కీవర్డ్స్, గూగుల్ ఫస్ట్ పేజీ గ్యారంటీ’ అని వరుసగా ఉన్నాయి. ఏది మా పేరున ఉంటుందో, ఏది వారి పేరున ఉంటుందో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామా. దాన్ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. సంవత్సరాల లెక్కన నమోదు చేయించుకుని, గడువు తీరేలోగా రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. కాబట్టి ‘లైఫ్‌టైమ్ డొమైన్’ అని ఎవరైనా అన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటో అక్కడే నిలదీయవలసి ఉంటుంది. మామూలు డాట్ ఇన్ చిరునామాకు రెన్యువల్ ఖర్చు ఏడాదికి సాధారణంగా వెయ్యి రూపాయల లోపే. ఆ వెయ్యి కంటే, నమోదులో యజమానిగా ఎవరి పేరు, ఏ ఈమెయిల్ ఉన్నాయన్నదే అసలు విషయం. డొమైన్లను నమోదు చేసే సంస్థ అయిన రిజిస్ట్రార్ దృష్టిలో యజమాని నమోదులో పేరున్న వ్యక్తే తప్ప డబ్బు కట్టిన వ్యక్తి కాదు. మా చిరునామాను ఆ సంస్థ తన పేరున, తన ఈమెయిల్‌తో నమోదు చేసుకుంది. మన డబ్బుతో ఇల్లు కట్టి, స్థలం పట్టా మాత్రం మేస్త్రీ పేరున రాయించుకున్నట్టయింది వ్యవహారం.

రెండో ఏడాది ఏప్రిల్ నెలాఖరున, సరిగ్గా కొత్త ఆవకాయ ఆర్డర్లు మొదలయ్యే సమయానికి, రెన్యువల్, మెయింటెనెన్స్ కింద రూ.18,000 కట్టాలని వారి నుంచి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. వివరాలు ఇవ్వమని, డొమైన్‌ను మా పేరుకు మార్చమని కోరాం. జవాబుగా వెబ్‌సైట్‌ను ఆపేశారు. చిరునామా టైపు చేస్తే దుకాణం ఫొటో బదులు ‘ఈ ఖాతా నిలిపివేయబడింది’ అనే తెల్ల పేజీ వచ్చేది. పచ్చళ్ల డబ్బాల మీద అంటించే స్టిక్కర్లన్నిటి మీదా అదే చిరునామా అచ్చయి ఉంది. ఒక రిజిస్ట్రార్ నుంచి మరో రిజిస్ట్రార్‌కు డొమైన్‌ను మార్చుకోవడానికి ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం అవసరం. డాట్ కామ్ చిరునామాల విషయంలో యజమాని అడిగిన 5 రోజుల్లోగా రిజిస్ట్రార్ దాన్ని అందజేయాలన్నది ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ నిబంధన. అయితే ఆ హక్కు కూడా నమోదులో పేరున్న యజమానిదే కాబట్టి, పేరే మనది కానప్పుడు ఆ నిబంధన మనకు ఉపయోగపడదు. డాట్ ఇన్ చిరునామాలను నిర్వహించే నిక్సీ అనే సంస్థ దగ్గర ఐఎన్‌డీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం ఉంది గానీ, అది ప్రధానంగా పేరు మీద ట్రేడ్‌మార్క్ వంటి హక్కు చూపగలిగిన వారికి పనికొస్తుంది. ట్రేడ్‌మార్క్ నమోదు చేయించుకున్న స్వగృహ దుకాణాలు మన ఊళ్లో ఎన్ని ఉంటాయి?

ఇక ‘ఎస్ఎస్ఎల్ సెక్యూరిటీ’. కొనుగోలుదారు ఫోన్‌కూ మన వెబ్‌సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా చేసేది ఎస్ఎస్ఎల్. 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఇది లేని సైట్లన్నిటినీ ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది కాబట్టి ఇది తప్పనిసరే. కానీ దీనికి వేలు పెట్టనవసరం లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి ఎస్ఎస్ఎల్‌కు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా జారీ చేస్తోంది, సైట్లను తమ సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థలు చాలావరకు వాటిని తమంతట తామే అమర్చి, గడువు తీరకముందే కొత్తవి తెచ్చుకుంటాయి. మా సైట్ చిరునామా పక్కనున్న గుర్తు మీద నొక్కి సర్టిఫికెట్ తెరిచి చూస్తే, జారీ చేసిన వారి స్థానంలో ఆ ఉచిత సంస్థ పేరే ఉంది. అమర్చిన శ్రమకు కొంత తీసుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ‘సెక్యూరిటీ’ పేరుతో ఏటా రూ.6,500 వసూలు చేయడం ఏ లెక్కన చూసినా దోపిడీయే. పైగా సైట్ హ్యాక్ కాకుండా ఎస్ఎస్ఎల్ ఆపలేదు. దానికి పాస్‌వర్డ్‌లు, అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకోవాలి, వాటి ప్రస్తావనే కొటేషన్‌లో లేదు.

మాకు ఎక్కువ నష్టం చేసింది మాత్రం ఎవరూ పట్టించుకోని ఒక చిన్న విభాగం: ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం. బెంగళూరు నుంచి ఒక పాత ఖాతాదారు సంక్రాంతికి ముందు ఆ ఫారంలో అరిసెలు, జంతికలు, సున్నుండలు కిలోల లెక్కన రాసి పంపారు. పంపగానే ఆమెకు ‘ధన్యవాదాలు, త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తాం’ అని ఆకుపచ్చ అక్షరాలలో కనిపించింది. మాకు ఏమీ రాలేదు. పండుగ ముందు రోజు ఆమె ఫోన్ చేసి, “ఏమండీ, డబ్బున్న వాళ్లకేనా మీ జవాబులు?” అని నిష్ఠూరంగా అడిగితే గానీ విషయం బయటపడలేదు. ఫారంలో నింపినవన్నీ తయారీ సమయంలో పరీక్ష కోసం ఆ సంస్థ పెట్టుకున్న తన ఉద్యోగి ఈమెయిల్‌కే వెళుతున్నాయి. దాన్ని మా ఈమెయిల్‌కు మార్చిన తర్వాత కూడా సగం సందేశాలు స్పామ్‌లో పడ్డాయి.

దీనికి కారణం ఉంది. హోస్టింగ్ సర్వర్ నుంచి నేరుగా వెళ్లే ఈమెయిల్‌కు, పంపింది ఫలానా డొమైన్ వారేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం అనే అమరికలు లేకపోతే జీమెయిల్ దాన్ని అనుమానిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ నిబంధనలను మరింత కఠినం చేసింది. తెలిసిన వారికి గంట పని ఇది. అందుచేత సైట్ అప్పగించే రోజున బంధువుల ఫోన్ నుంచి ఫారం నింపించి, ఆ సందేశం మీ ఇన్‌బాక్స్‌లోకే వచ్చిందో లేదో చూడండి. ఫారంలో నింపినవన్నీ సైట్ అడ్మిన్ పేజీలో కూడా నిల్వ ఉండేలా పెట్టించుకోండి. ఈమెయిల్ దారి తప్పినా ఆర్డర్ అక్కడ దొరుకుతుంది.

ఖాతాదారులు సైట్‌లో కట్టే డబ్బును బ్యాంకు ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది నేరుగా డబ్బు. గేట్‌వే ఖాతాను వ్యాపారి పాన్, వ్యాపారి బ్యాంకు ఖాతాతో, కేవైసీ పూర్తిచేసి తెరవాలి. అందుకు సైట్‌లో రిఫండ్ విధానం, గోప్యతా విధానం, చిరునామా వంటి పేజీలు ఉండాలని గేట్‌వే సంస్థలు అడుగుతాయి. ఆ పేజీలు రాసే శ్రమ తప్పించుకోవడానికో మరెందుకో గానీ, మా సైట్‌కు ఆ సంస్థ తన సొంత గేట్‌వే ఖాతాను తగిలించింది. మా ఖాతాదారులు కట్టిన డబ్బు ముందు వారి బ్యాంకులో పడి, వారు తమకు తోచిన కోత పెట్టుకున్న తర్వాత, తమకు వీలైనప్పుడు మాకు చేరేది. కార్డు చెల్లింపులకు గేట్‌వే రుసుము సాధారణంగా 2 శాతం దగ్గర, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మాకు కోసింది 5 శాతం. ఎవరైనా “ఖాతా తెరవడం ఆలస్యమవుతుంది, ప్రస్తుతానికి మాది వాడండి” అంటే ఒప్పుకోకండి. అంతవరకు దుకాణం యూపీఐ క్యూఆర్‌తోనే నెట్టుకురావచ్చు.

వాట్సాప్ ఇంటిగ్రేషన్ అని రూ.3,000 రాసిన పంక్తికి సైట్‌లో మాకు దొరికింది నొక్కితే చాట్ తెరుచుకునే ఒక ఆకుపచ్చ బటన్. మన నంబరు చివర చేర్చిన ఉచిత లింకు అది, అంతకుమించి ఏమీ లేదు.

ఎస్ఈఓ అంటే గూగుల్‌లో వెతికినప్పుడు సైట్ పైన కనిపించేలా చేసే పని. ఆ విషయంలో వారు అమ్మిన 200 కీవర్డ్‌లు, అంటే వెతికే మాటలు, పేజీలో కంటికి కనిపించని కీవర్డ్స్ ట్యాగ్‌లో కుక్కి ఉన్నాయి. ర్యాంకింగ్‌లో ఆ ట్యాగ్‌ను లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగుల్ తన మార్గదర్శకాలలోనే రాసుకుంది. నిజానికి మనలాంటి దుకాణానికి “ఎంవీపీ కాలనీలో పచ్చళ్లు” అని వెతికే వారిని తెచ్చేది ఎక్కువగా గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్, అది పూర్తిగా ఉచితం. దాన్ని కూడా వారు తమ జీమెయిల్‌తో తెరిచారు. అందులో ప్రైమరీ ఓనర్‌గా మీ జీమెయిల్ ఉండాలి, సంస్థకు మేనేజర్ హోదా ఇస్తే సరిపోతుంది. గూగుల్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో, ఎంతమంది చూస్తున్నారో తెలిపే సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ ఖాతాలకూ ఇదే వర్తిస్తుంది.

‘మా సొంత సాఫ్ట్‌వేర్‌తో తయారుచేశాం, కోడ్ ఇవ్వలేం’ అన్నది వారి చివరి వాదన. సైట్ చిరునామా చివర డబ్ల్యూపీ-అడ్మిన్ అని చేర్చి చూస్తే వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ తెరుచుకుంది. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోగల వెబ్‌సైట్ తయారీ సాఫ్ట్‌వేర్. దాని మీద ఆన్‌లైన్ దుకాణం నడిపే వూకామర్స్ మూల ప్లగిన్ (అదనంగా జోడించే భాగం) కూడా ఉచితమే. అయినా చట్టపరంగా ఒక చిక్కు ఉంది. బయటి సంస్థ మన కోసం చేసిన డిజైన్, రాసిన కోడ్‌లపై కాపీరైట్, 1957 నాటి చట్టం ప్రకారం, సాధారణంగా చేసిన వారిదే అవుతుంది. మనకు బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఆ బదిలీని 5 ఏళ్లకే పరిగణిస్తారు. కాబట్టి కొటేషన్ మీదే ‘డిజైన్, కోడ్, ఫొటోలపై హక్కులు కాపీరైట్ ఉన్నంత కాలం కొనుగోలుదారువి’ అని రాయించి సంతకం తీసుకోండి.

ఇప్పటికే ఇటువంటి వివాదంలో ఉన్నవారు మాటలు మాని ఈమెయిల్‌లో అడగడం మొదలుపెట్టండి. వాట్సాప్ సందేశాలు, బ్యాంకు చెల్లింపు వివరాలు, బిల్లులు, ఆగిపోయిన సైట్ స్క్రీన్‌షాట్లు తేదీలతో దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపార అవసరానికి కొన్నవారు సాధారణంగా వినియోగదారుల చట్టం పరిధిలోకి రారు గానీ, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే తీసుకున్న సేవకు 2019 చట్టంలో మినహాయింపు ఉంది. కుటుంబమంతా కలిసి నడిపే మా వంటి దుకాణం ఆ కోవలోకి వస్తుందని మా న్యాయవాది చెప్పారు. సంఘటన జరిగిన 2 ఏళ్లలోగా, మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచీ దాఖలు చేయవచ్చు.

ప్రస్తుతం మేము మా పేరున, మా ఈమెయిల్‌తో వేరే డాట్ ఇన్ చిరునామా తీసుకుని, పాత స్టిక్కర్ల మీద కొత్తవి అంటిస్తున్నాం. మీ సైట్ పని ఇంకా సాగుతూ ఉంటే, మిగిలిన సొమ్ము చెల్లించే ముందు రిజిస్ట్రార్ ఖాతాలో మీ ఫోన్‌తో మీరే లాగిన్ అయి, యజమాని పేరు, ఈమెయిల్, గడువు తేదీ చూసుకోండి. ఆ లాగిన్ ఇవ్వడానికి సంస్థ వెనకాడితే, ఇచ్చేదాకా చివరి వాయిదా ఆపండి.