జర్నల్ క్లబ్బా, పాత పేపర్‌ను మళ్లీ చేయడమా: పీహెచ్‌డీ స్కాలర్‌కి ఏది మేలు?

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ప్రతి గైడూ చెప్పే మాట, “క్రిటికల్‌గా ఆలోచించడం నేర్చుకో” అని. ఎలా నేర్చుకోవాలో మాత్రం చాలామంది చెప్పరు. వారం వారం జర్నల్ క్లబ్‌లో కూర్చుంటే అదే వస్తుందిలే అన్న నమ్మకంతో చాలా లాబ్‌లు నడిచిపోతుంటాయి. నిజానికి గ్రూప్‌లో ఉన్న స్కాలర్‌కి మూడు దారులున్నాయి. అందరితో కలిసి పేపర్ చదివి చర్చించడం ఒకటి. అచ్చయిన పనిని తనే మళ్లీ చేసి చూడడం రెండోది. సొంత డేటాను గ్రూప్ మీటింగ్‌లో పెట్టి ప్రశ్నలకు నిలబడడం మూడోది. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు రెండోదానికి.

జర్నల్ క్లబ్‌ని తీసిపారేయడానికి లేదు. ఖర్చు లేదు, గంటలో అయిపోతుంది, మన టాపిక్‌కి బయట ఏం జరుగుతోందో తెలుస్తుంది. కళ్లు పెట్టి చూస్తే పెద్ద విషయాలే బయటపడతాయి కూడా. 2018లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి, బంగారం, వెండి నానో కణాల్లో గది ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే సూపర్‌కండక్టివిటీ (కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే గుణం) కనిపించిందని ఒక ప్రీప్రింట్, అంటే జర్నల్ పరిశీలనకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్, వచ్చింది. అప్పుడు ఎంఐటీలో పోస్ట్‌డాక్‌గా ఉన్న బ్రయాన్ స్కిన్నర్ అందులోని గ్రాఫ్‌ను పెద్దది చేసి చూశాడు. వేర్వేరుగా తీసినట్టు చెప్పిన రెండు కొలతల్లో నాయిస్, అంటే కొలతలో తనంతట తాను వచ్చే చిన్న చిన్న తేడాలు, ఒకేలా ఎగుడుదిగుడు అవుతోంది. నాయిస్ అలా రిపీట్ కాకూడదు కదా. దీనికి పరికరం అక్కర్లేకపోయింది, బొమ్మను ఓపికగా చూడడమే సరిపోయింది.

కానీ మన జర్నల్ క్లబ్‌లలో జరిగేది తరచూ వేరు. సార్ మెచ్చుకున్న పేపర్‌లో జూనియర్ తప్పు పట్టడు. సీనియర్ ప్రెజెంట్ చేస్తుంటే అసలు నోరు విప్పడు. నోరు విప్పినవాళ్లు కూడా రెండే ప్రశ్నలు తిప్పి తిప్పి వేస్తారు: శాంపిల్ సైజు చిన్నది కదా, ఆ కంట్రోల్ ఎందుకు పెట్టలేదు? ఏ పేపర్‌కైనా అతికే ప్రశ్నలివి. అడిగినవాడికి తెలివైనవాడన్న పేరొస్తుంది, పేపర్ చదవకపోయినా దొరికిపోడు. గైడ్ తలచుకుంటే కొంత మార్చవచ్చు. అబ్‌స్ట్రాక్ట్ దాచి బొమ్మలు మాత్రమే ముందు పంచడం, అందరికంటే జూనియర్ ముందు మాట్లాడడం, గైడ్ చివర్లో మాట్లాడడం. అలా చేసే గ్రూప్‌లో ఉంటే మీ అదృష్టం.

మళ్లీ చేసి చూడడంలో ఈ మొహమాటం ఉండదు. నంబర్ కలిసిందా లేదా అన్నదే లెక్క. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ అర్థశాస్త్రంలో ఉంది. ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ 2010లో ఒక పేపర్ రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చు తగ్గించే పొదుపు విధానాలను సమర్థించడానికి చాలామంది రాజకీయ నాయకులు దాన్ని వాడుకున్నారు. మాసచూసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న థామస్ హెర్న్‌డన్‌కి, ఏదైనా ఒక పేపర్ ఫలితాన్ని తిరిగి రాబట్టమని కోర్సులో అసైన్‌మెంట్ వచ్చింది. అతను ఈ పేపర్ తీసుకున్నాడు. ఎంత చేసినా నంబర్లు కలవలేదు. చివరికి రచయితలనే అడిగితే ఎక్సెల్ షీట్ పంపారు. తెరిచి చూస్తే సగటు లెక్కలో ఐదు దేశాల వరుసలు వదిలేసి ఉన్నాయి. వాటితోపాటు, పక్కనపెట్టిన కొన్ని సంవత్సరాల డేటాను కలిపి, సగటు కట్టిన పద్ధతిని కూడా సరిచేస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. తన ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి 2013లో ఆ సంగతి బయటపెట్టాడు. ఎక్సెల్ తప్పును రచయితలు ఒప్పుకున్నారు, తమ మొత్తం వాదన మాత్రం నిలుస్తుందన్నారు. మూడేళ్ల పాటు ఎందరో చదివి చర్చించిన పేపర్ అది. ఎక్సెల్‌లో జారిపోయిన వరుసలు చర్చలో ఎలా కనిపిస్తాయి?

ఇబ్బందల్లా ఖర్చే. 2023లో ఎల్‌కే-99 (గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ అని కొరియా పరిశోధకులు చెప్పిన పదార్థం) హడావుడి అప్పుడు, తయారీ తేలిక కాబట్టి ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీతో సహా ఎన్నో చోట్ల వారాల్లో చేసి చూడగలిగారు. జీన్ తీసేసిన ఎలుకల మీద ఏడాదిన్నర నడిచిన ప్రయోగాన్ని మళ్లీ చేస్తానంటే ఏ గైడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అలాంటి చోట ప్రయోగం జోలికి పోకుండా అనాలిసిస్ వరకే తీసుకోండి. జీన్ సీక్వెన్సింగ్ పేపర్ల డేటా చాలావరకు పబ్లిక్ డేటాబేస్‌లలో దొరుకుతుంది, అందులోంచి ఒక్క బొమ్మను మళ్లీ గీయండి. థియరీ గ్రూప్ అయితే “సులువుగా చూపవచ్చు” అని దాటేసిన మెట్టును కాగితం మీద చేయండి. ఆ సులువు ఒక్కోసారి వారం తింటుంది. చాలాసార్లు నంబర్ కలవకపోవడానికి కారణం మీ పొరపాటే అని తేలుతుంది. దాన్ని వెతికి పట్టుకోవడంలోనే సగం శిక్షణ ఉంది.

మూడో దారి అన్నిటికంటే పైది. కానీ దానితో మొదలుపెట్టలేం, మొదట్లో మన దగ్గర డేటా ఉండదు కాబట్టి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో పనిచేస్తూ 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించారు. దాన్ని కండరాల మీద వాడినప్పుడు నీలం రంగు రావలసినట్టు రాలేదు, నెమ్మదిగా ముదురుతూ వచ్చింది. రియేజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) పాడైందనుకుని వదిలేయడం తేలికే. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడితే, ఆమ్లంలో విడిపోయే ఫాస్ఫోక్రియాటిన్ అనే, కండలో శక్తిని నిల్వ ఉంచే పదార్థం దొరికింది. 1927లో ప్రకటించారు, సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది 1930లో. కండకు శక్తి గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం నుంచే వస్తుందని అప్పటి నమ్మకం. ఆ దిశలో పనిచేసిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చి ఉంది. ఫాస్ఫోక్రియాటిన్‌తో ఆ నమ్మకం కదలడం మొదలైంది. సొంత కొలతలో తేడా కనిపించినప్పుడు దాన్ని కప్పిపుచ్చకపోవడమే ఇక్కడ అసలు కష్టం.

అందుకే ఈ దారి గైడ్‌ని బట్టి ఉంటుంది. డేటా బాగా రాలేదని అందరి ముందు కేకలేసే గ్రూప్‌లో స్కాలర్ ముందుగా నేర్చుకునేది దాచడం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి. అక్కడికి వెళ్లేసరికి అందరి స్లైడ్లూ నున్నగా తయారై ఉంటాయి, పచ్చి డేటా గురించి మాట్లాడుకునే చోటు అది కాదు. కాబట్టి ఇంకా చేరనివాళ్లు ఒక గ్రూప్ మీటింగ్‌లో కూర్చోనిమ్మని అడిగి, పాడైన ప్రయోగం గురించి ఎవరైనా భయం లేకుండా మాట్లాడుతున్నారో లేదో చూసుకోండి.

ఇప్పటికే చేరిపోయి, ఏ పేపర్‌ని మళ్లీ చేయాలో తోచనివాళ్లు మీ లాబ్ పాత పేపర్‌నే తీసుకోండి. మీ థీసిస్ దాని మీదే కట్టబోతారు గనక గైడ్ కూడా టైమ్ వేస్ట్ అనరు. నంబర్ కలవకపోతే గ్రూప్ మీటింగ్ దాకా ఆగొద్దు, ముందు ఆ పేపర్ రాసిన సీనియర్ దగ్గరికే వెళ్లండి. “మీ లెక్క తప్పు” అని కాకుండా, “అన్నా, ఈ స్టెప్‌లో నాకు వేరే వాల్యూ వస్తోంది, నీ కోడ్ ఒకసారి చూపిస్తావా?” అని అడగండి.